తుపాకికి ఎసరు

మొన్న ఆదివారం మా మనవడికి కొత్త క్రికెట్ బ్యాట్ కొన్నారు. ఆడే ముందు దానికి రెండు మూడు పూతలు నూనె పట్టించాలట. "తాతా, నువ్వు రాసిపెట్టవా?" అని ఒక చిన్న సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూత తిప్పగానే అవిసె నూనె వాసన గుప్పుమంది. వాడు దాన్ని లిన్సీడ్ ఆయిల్ అంటాడు. మా దుకాణంలో మేమూ అలాగే అనేవాళ్లం. గుడ్డ తీసుకోబోయి మానేశాను. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, చెక్క వెచ్చబడేదాకా రుద్దుతూ కూర్చున్నాను. అలా రుద్దడం నేర్పిన మనిషి పోయి చాలా ఏళ్లయింది.

ఆయన్ని ఆబిడ్స్‌లో అందరూ ఉస్తాద్ అనే పిలిచేవాళ్లు. పాత వేట రైఫిళ్లు బాగుచేయడం, వాటిని చూసి విలువ కట్టడం ఆయన పని. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాణ్ణి.

*

ఇంటర్ తర్వాత నా చదువు సాగలేదు. మా మేనమామకు తుపాకుల దుకాణం నడిపే సేఠ్ ఒకాయన తెలుసు. తీసుకెళ్లి అక్కడ పెట్టాడు. దుకాణం సన్నగా, పొడుగ్గా, రైలు పెట్టెలా ఉండేది. రెండు వైపులా అద్దాల బీరువాలు, చివర ఉస్తాద్ బల్ల.

పొద్దున షట్టర్ లేపి అగరుబత్తి వెలిగించాక మొదటి పని స్టాకు రిజిస్టరు. సేఠ్ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో తుపాకి నంబరు పైకి చదివేవాడు. నేను బీరువా ముందు నిలబడి, ఆ నంబరు మీద వేలు పెట్టి "ఉంది" అనాలి. బడిలో హాజరు పిలిచినట్టే ఉండేది. రాత్రిళ్లు ట్రిగ్గర్ గార్డుల్లోంచి ఒక పొడుగాటి గొలుసు దూర్చి తాళం వేసేవాళ్లం. పొద్దున ఆ గొలుసు లాగుతుంటే గలగలమనే చప్పుడు అవతలి బట్టల కొట్టుదాకా వినిపించేది. అది విని వాళ్లు టైం పదయిందనుకునేవాళ్లు.

మొదటి ఆరు నెలలూ ఉస్తాద్ నన్ను తుపాకి ముట్టనివ్వలేదు. ఊడవడం, చాయ్ తేవడం, ఫలాలిన్ గుడ్డను చిన్న ముక్కలుగా కత్తిరించడం. ఆ ముక్కల్ని 'చిందీ' అనేవాళ్లం. తర్వాత ఒకరోజు పిలిచి, తూటా గదిని మూసే కడ్డీని, అంటే బోల్ట్‌ను, చూపించి, "బోల్ట్ తెరువు. లోపల చూడు. చిటికెన వేలు పెట్టి చూడు. ఖాళీ అని నోటితో అను" అన్నాడు. అన్నాను. "ప్రతిసారీ అనాలె బేటా. నేను ఇచ్చినా అనాలె. అప్పుడే నువ్వు పెట్టిందైనా సరే, మళ్లీ తీస్తే మళ్లీ అనాలె." ఇప్పటికీ రైఫిల్ చేతికొస్తే ఆ మాట నోట్లోంచి వచ్చేస్తుంది.

*

నేను చేరేనాటికి వేట అయిపోయింది. 1970లో పులి వేటను దేశమంతటా ఆపేశారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నేను ఒక్క వేటా చూడలేదు, చూడాలనీ అనిపించలేదు. నిజాం కాలం షికార్ల కథలు మాత్రం సేఠ్ దగ్గర కూర్చునే పెద్దవాళ్ల నోట చాలా విన్నాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేట గురించి, నల్లమలలో ఫర్హాబాద్ షికారుఘర్ గురించి నిన్న మొన్న జరిగినట్టు చెప్పేవాళ్లు. నా మనసు వేట మీద కాకుండా ఆ రైఫిళ్ల పనితనం మీద పడింది. వందేళ్ల కింద ఒకడు ఆకురాయి పట్టుకుని ఇనుమును అంత నున్నగా ఎలా చేశాడా అని అబ్బురంగా ఉండేది.

ఉస్తాద్ ముందు నేర్పింది వినడం. నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, వెనకాల ఏదో ఒక రైఫిల్ బోల్ట్ తెరిచి మూసేవాడు. ఏదో చెప్పాలి.

ఇషాపూర్ .315 అయితే పొడి చప్పుడు, టకటకమని. అది మన సర్కారు ఫ్యాక్టరీది, ఊళ్లల్లో లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది. సైన్యం వాడే .303ను బ్రిటిష్‌వాళ్లు మామూలు జనానికి ఇవ్వలేదు. అందుకని ఆస్ట్రియావాళ్ల 8 మిల్లీమీటర్ల మాన్లిఖర్ తూటాకు సరిపడే రైఫిల్‌ను బీఎస్ఏ అనే ఇంగ్లండ్ కంపెనీవాళ్లు మన దేశం కోసం తయారు చేశారు. ఆ తూటానే ఇక్కడ అంగుళాల లెక్కలో .315 అయింది. ఉస్తాద్ దానికి ఎప్పుడూ మర్యాద తక్కువ చేయలేదు. "రైతు ఎద్దు బేటా, ఏది పెట్టినా తింటది" అనేవాడు.

మౌజర్ చప్పుడు బరువుగా ఉండేది. రెండు మెట్ల చప్పుడు: పైకెత్తినప్పుడు ఒకటి, వెనక్కి లాగినప్పుడు ఒకటి. 1898 నాటి నమూనా అది. దాని బోల్ట్ పక్కన పొడుగాటి కొక్కెం ఉంటుంది. మ్యాగజైన్‌లోంచి తూటా పైకి లేస్తుండగానే దాని అంచును ఈ కొక్కెం పట్టేస్తుంది. లోపలికి పెట్టి, పేలాక బయటికి విసిరేదాకా వదలదు. "పిల్లి తన పిల్లను నోట కరుచుకున్నట్టు" అని ఉస్తాద్ వేళ్లతో చేసి చూపించేవాడు. రైఫిల్‌ను తలకిందులుగా పట్టుకున్నా తూటా జారదు.

ఇక మాన్లిఖర్ షోనావర్. 1903 నమూనా, స్టయర్ ఫ్యాక్టరీది, 6.5 మిల్లీమీటర్లు. దాని కుందా, అంటే భుజానికి ఆనించే చెక్క, గుండు వెళ్లే నాళం కొసదాకా వస్తుంది. బోల్ట్ పిడి వెన్న రాసే కత్తిలా చదునుగా ఉంటుంది. మ్యాగజైన్ లోపల తూటాలు గుండ్రంగా తిరిగే రాట్నం లాంటి దాని మీద కూర్చుంటాయి. వేలితో నొక్కుతుంటే ఒక్కోటీ మెత్తగా దిగుతుంది. దాని బోల్ట్ లాగితే చప్పుడేమీ ఉండదు, నూనెలో వేలు జారినట్టు ఒక ఊపిరి వినిపిస్తుంది. గోడవైపు తిరిగి కూర్చుని నేను మొదట గుర్తుపట్టింది దాన్నే.

*

విలువ కట్టించుకోవడానికి రకరకాలవాళ్లు వచ్చేవాళ్లు. తాతల తుపాకి వారసత్వంగా వచ్చినవాళ్లు, ఎస్టేట్ల ఓనర్లు, పాత రైఫిళ్లంటే ప్రాణం పెట్టే ఇద్దరు ముగ్గురు డాక్టర్లు. ఎనభైల్లో విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయాక ఈ పాత సరుకు ధర అమాంతం పెరిగింది. దాంతో మోసాలూ పెరిగాయి.

ఉస్తాద్ చూసే పద్ధతి నా కళ్ల ముందే ఉంది. ముందు రైఫిల్‌ను బల్ల మీద పెట్టి అసలు ముట్టుకోకుండా చాయ్ తాగినంతసేపు చూసేవాడు. తర్వాత మరలు చూసేవాడు. మర తల మీది గాటు పదునుగా నిలబడి ఉందా, ఎవడో సరిపడని స్క్రూడ్రైవర్ పెట్టి చితక్కొట్టాడా? "ఎవడి చెయ్యి పడ్డదో మర చెప్తది." ఒక్కో మరకు సరిపడే స్క్రూడ్రైవర్ ఒక్కోటి ఆయనే అరగదీసి చేసుకున్నాడు. ముప్పైకి పైగా ఉండేవి.

తర్వాత నాళం. బోల్ట్ తీసేసి, బోల్ట్ ఉండే చోట తన బొటనవేలి గోరు పెట్టి కొస వైపు నుంచి చూసేవాడు. గోరు మీద పడ్డ వెలుతురు నాళం లోపలంతా పాకుతుంది. గాడులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. టార్చి కంటే అదే నయం, టార్చి వెలుగు కళ్లు చెదరగొట్టి తుప్పు గుంటల్ని దాచేస్తుంది. నాకు చూపించిన మొదటిరోజు ఏమీ కనబడలేదు. గోరు వంచమన్నాడు. వంచాను. ఒక్కసారిగా లోపల వెండి తీగలు చుట్టినట్టు కనిపించింది.

నాళం కొస అరుగుదలను చాలామంది పట్టించుకోరు. ముందు వైపు నుంచి కడ్డీ దూర్చి తుడిచీ తుడిచీ గుండు బయటికొచ్చే అంచు ఒక పక్క అరిగిపోతుంది. అక్కడ వెంట్రుకంత తేడా వస్తే దూరాన గురి చెదిరిపోతుంది. పైన ఎంత తళతళలాడినా ఇక లాభం లేదు.

ఒకాయన అలాంటి తళతళలాడే మౌజర్ తెచ్చాడు. కొత్త పెళ్లికొడుకులా ఉంది. చాలా పోసి కొన్నాడు, ఇంకా ఎక్కువకు పోతుందని నమ్మకం. ఉస్తాద్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకుని, "బేటా, అక్షరాలు చదువు" అన్నాడు. నాళం మీది జర్మన్ పరీక్ష ముద్రలు చదవబోయాను. కిరీటం కింద బి, కిరీటం కింద యు ఉండాలి. కిరీటాల ముళ్లు అరిగిపోయి ముద్దల్లా ఉన్నాయి. అంచులన్నీ సబ్బు బిళ్లలా గుండ్రబడ్డాయి. ఎవరో గుంటలు పోవడానికి సానబెట్టి, మళ్లీ బ్లూ, అంటే ఇనుముకు వేసే నల్లటి పూత, వేశారు. పాత రోజుల్లో ఇనుము మీద పలచగా తుప్పు పట్టనిచ్చి, కాచి, గీకి, మళ్లీ పట్టనిచ్చి, అలా రోజుల తరబడి తెప్పించే నీలం వేరు. అది పావురం మెడ రంగులో లోతుగా ఉంటుంది.

ఆయన చాలా బాధపడ్డాడు. ఉస్తాద్ చాయ్ తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకో రైఫిల్ తీసి చూపించాడు. పట్టుకునే చోట నీలం పోయి తెల్లబడింది. కుందా మీద గీతలు, చెమట మరకలు. కానీ ప్రతి అక్షరం నిలబడి ఉంది. "ఇది పని చేసి అలిసిన మనిషి. మీది మేకప్. నేను దీనికే ఎక్కువ కడతా సాబ్" అన్నాడు. ఆ మాట మీదే నేను ఇన్నేళ్లూ పని చేశాను. ఇప్పటికీ తళతళలాడే పాత రైఫిల్ ఎవరైనా బల్ల మీద పెడితే నాకు టెన్షనే.

కుందాకు ఆయన వేసే నూనె కూడా చెప్పాలి. అవిసె నూనెలో రతన్‌జోత్ వేరు వేసి కొన్నాళ్లు నానబెట్టేవాడు. నూనె ఎర్రటి ద్రాక్ష రసంలా అయ్యేది. లండన్ కారిఖానాల్లోనూ ఇలాంటి వేరే వేసేవాళ్లట. చెక్క మీద సొట్ట పడితే తడి గుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె ఆనించేవాడు. ఆవిరికి సొట్ట ఉబ్బి పైకొచ్చేది. మర్నాడు అరచేతి నూనె. రోజుకో చుక్క, నెలంతా.

*

ఒకసారి నర్సంపేట దాటి పాకాల అడవి అంచున ఒక పాత గడీకి వెళ్లాం. పెద్దాయన పోయాడు. లైసెన్సు ఉన్న మనిషి పోతే వారసులు ఆయుధాలను స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో జమ చేయాలి. జమ చేసే ముందు చూసి రాయమని దొరసాని కబురు పెట్టింది.

గడీ సగం కూలిపోయింది. తెల్ల చీర కట్టుకున్న ముసలావిడ మొలలోంచి తాళాల గుత్తి తీసి టేకు బీరువా తెరిచింది. రెండు తోలు కేసులు. మూత లోపల చీకిపోయిన లేబుల్ మీద జాన్ రిగ్బీ అండ్ కంపెనీ, 72 సెయింట్ జేమ్సెస్ స్ట్రీట్, లండన్ అని ఉంది. లోపల .275 రైఫిళ్లు రెండు, ఒకేలాంటివి. వరుస నంబర్లు, ఒకటి ఏడుతో అయితే ఇంకోటి ఎనిమిదితో ముగుస్తుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు తెప్పించుకున్నారట. బోల్టులు మాత్రం కేసుల్లో లేవు. పిల్లలు ముట్టకుండా ఆవిడ వాటిని నగల పెట్టెలో దాచింది. ఎర్ర పట్టుగుడ్డ విప్పి, గొలుసులూ గాజులూ పక్కకు జరిపి, రెండు బోల్టులు తీసి, ఏది దేనిదో చెప్పి ఉస్తాద్ చేతిలో పెట్టింది.

ఉస్తాద్ ఒక బోల్ట్ పెట్టాడు. లోపలికి పోయింది గానీ, పిడి కిందికి దించబోతే చివర్లో పట్టేసింది. ఆయన బలం పెట్టలేదు. తీసి భూతద్దం పెట్టి బోల్ట్ మీద నంబరు చదివాడు. రెండోదీ చదివాడు. నా వైపు చూసి, "తారుమారైనయ్" అన్నాడు. ఏడుది ఎనిమిదిలో, ఎనిమిదిది ఏడులో. మార్చి పెట్టాడు. రెండూ చప్పుడు లేకుండా దిగాయి.

ఇది చిన్న సంగతి కాదు. ప్రతి రైఫిల్‌లో బోల్ట్ ముఖానికీ తూటా కూర్చునే గదికీ మధ్య సందు కొలిచి, ఆకురాయితో సరిపుచ్చి కూర్చోబెడతారు. వేరే బోల్ట్ పెడితే ఆ సందు మారిపోతుంది. ఎక్కువైతే తూటా గొట్టం పగిలి మంట పేల్చేవాడి మొహం మీదికి వస్తుంది.

"పోలీస్ యాక్షన్ అయినంక తుపాకులన్ని జమ చేయించుకున్నరు బిడ్డా" అంది దొరసాని. "ఎన్నాళ్లకో తిరిగిచ్చిన్రు. అప్పటిసంది మా దొర అంటనే ఉండె, నా తుపాకి అలిగిందని. అలిగిందని బీరువల వెట్టిండు, మళ్ల ముట్టలే." ఆవిడ ఎనిమిది నంబరు రైఫిల్ కుందా మీద చెయ్యి వేసి నిమిరింది. వెండి పలక మీద ఆయన పేరు మొదటి అక్షరాలు అరిగి, కనీకనిపించకుండా ఉన్నాయి.

ఉస్తాద్ నాళాల్లో గోరు పెట్టి చూసి ఆశ్చర్యపోయాడు. అన్నేళ్ల రైఫిళ్లలో ఒక్క గుంట లేదు. ఏం చేసేవాళ్లమ్మా అని అడిగాడు. ఆవిడ చెప్పిన మాట ఇదిగో, ఇన్నేళ్లూ నా చెవిలోనే ఉంది.

"ఏట నుంచి రాంగనే ముందుగాల తుపాకికి ఎసరు వెట్టెటోళ్లం. అన్నానికి తర్వాతనే. మా అత్త గట్లనే నేర్పిచ్చింది. నీళ్లు తెర్లుతుంటే గరాటతోని పోసేది. నాళం చెయ్యి కాలేటంత వేడెక్కాలె. వేడికి దానంతట అదే ఆరుతది. అప్పుడు నూనె."

ఆ రోజుల్లో కైనాక్ కంపెనీ తూటాల అడుగున నిప్పు రగిలించే మందులో ఉండే రసాయనం పేలాక నాళంలో ఉప్పులా మిగిలిపోయేది. ఉప్పు గాలిలో చెమ్మ పీలుస్తుంది. వానాకాలమైతే తెల్లారేసరికి నాళం ఎర్రబడుతుంది. నూనె ఎంత రాసినా ఉప్పు కరగదు, నీళ్లకే కరుగుతుంది. ఉస్తాద్ చాలామంది నవాబుల ఇళ్లలో తుప్పు గుంటల నాళాలు చూశాడు, అక్కడ నౌకర్లు నూనెలు పోశారే గానీ నీళ్లు పోయలేదు. ఇక్కడ ఆడవాళ్లు పొయ్యి ముందు నిలబడి కాపాడారు. తిరిగొచ్చేటప్పుడు జీపులో ఆయన ఆ మాటే మూడుసార్లు అన్నాడు.

*

ఉస్తాద్ చివరిసారి దుకాణానికి వచ్చినప్పుడు రెండు కళ్లలో శుక్లాలు. కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కుర్చీ వేసి గోడవైపు కూర్చోబెట్టి, నేను వెనకాల బోల్ట్ లాగాను. "మాన్లిఖర్" అన్నాడు వెంటనే. ఇంకోటి లాగాను. "ఇది మౌజరే గానీ నూనె ఎక్కువేసినవ్. తుడువు." తుడిచాను. వెళ్తూ తన స్క్రూడ్రైవర్ల మూట నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

తర్వాత చాలా మారింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సుదారులు తుపాకులు జమ చేయాలి, అది ఎప్పటి నుంచో ఉన్నదే. ఒకసారి నేను నెలల తరబడి నూనె పట్టించి తయారు చేసిన బీఎస్ఏ ఒక స్టేషన్‌లో జమ అయింది. గోనె సంచిలో, నేల మీద, వానాకాలమంతా ఉంది. తిరిగొచ్చినప్పుడు బోల్ట్ తెరుచుకోలేదు. దాని ఓనరు నా ముందు కూర్చుని మాట్లాడలేకపోయాడు. గోరు పెట్టి చూశాను. లోపల చీమల పుట్టలా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1907లో మనుషుల్ని తినే చంపావత్ ఆడపులిని చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహూకరించిన రైఫిల్ కూడా ఈ రిగ్బీ .275 రకమే. 2015లో రిగ్బీ కంపెనీయే దాన్ని తిరిగి సొంతం చేసుకుని, మరుసటి ఏడాది మన దేశానికి తెచ్చి చూపించింది. పేపర్లో ఫొటో చూసి కత్తిరించి దాచుకున్నాను. ఫొటోలో నేను ముందు చూసింది మరల తలలు. మన ఊళ్లల్లో బీరువాల్లో ఉన్నవాటికి అంత రాత ఎక్కడిది అనిపించింది.

*

2019లో చట్టం మారింది. అంతకుముందు ఒకరి దగ్గర మూడు దాకా ఉండొచ్చు, ఇక రెండే. మూడోది 2020 డిసెంబరు లోపల వదులుకోవాలి. కరోనా నడుస్తోంది. మాస్కులు పెట్టుకుని జనం తోలు కేసులు మోసుకుంటూ వచ్చారు. నా ఉద్యోగం అయిపోయినా సేఠ్ కొడుకు పిలిపించాడు, చూసి చెప్పేవాళ్లు లేరని.

ఆ రోజుల్లోనే ఒక కుర్రాడు రెండు కేసులు, ఒక పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ తెచ్చాడు. మూత తీయకముందే లేబుల్ గుర్తుపట్టాను. దొరసాని మనవడు. హైదరాబాద్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏది ఉంచుకోవాలి అంకుల్ అని అడిగాడు. ఆ రెండింటినీ విడదీయకు బాబూ, పన్నెండు బోర్ వదిలెయ్ అన్నాను. అతను కాసేపు ఆలోచించి, "అది మా నాయనమ్మది అంకుల్. పొలంలో పందుల్ని బెదిరించడానికి ఆవిడే పేల్చేది" అన్నాడు. నేనింకేమీ అనలేదు. ఏడు నంబరు రిగ్బీ అమ్మకానికి పెట్టాడు. వేరే రాష్ట్రంలో లైసెన్సున్న ఒకాయన కాగితాలన్నీ సరిచేసుకుని తీసుకెళ్లడానికి వచ్చాడు.

రెండు బోల్టులూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. నంబర్లు చదివాను. ఏడుది ఏడులో పెట్టి మూశాను, మళ్లీ తెరిచి ఇంకోసారి చదివాను. ఖాళీ అన్నాను. కొన్నాయన ఎందుకండీ అన్నిసార్లు అని అడిగాడు. పాత తూటాలు ఏమైనా ఉన్నాయా మీ దగ్గర అని నేనడిగాను. కైనాక్‌వి రెండు డబ్బాలున్నాయన్నాడు. అయితే కాల్చిన రోజు ముందు నీళ్లు కాచండి, గరాటుతో పోయండి, నాళం చెయ్యి కాలేంత వేడెక్కాలి, అదే ఆరాక నూనె అని చెప్పాను. ఆయన ఫోన్ తీసి రాసుకున్నాడు.